శింశుపా వృక్షం మీద హనుమంతుడు ఏం ఆలోచించాడు?

తెలుగిళ్లలో ఏ పనైనా ముందుకు సాగకపోతే పెద్దవాళ్లు చెప్పే మందు ఒకటుంది: సుందరకాండ పారాయణ. పిల్ల పెళ్లి కుదరకపోయినా, కోర్టు వ్యవహారం తెమలకపోయినా, చదువు పూర్తయి ఏళ్లు గడుస్తున్నా ఉద్యోగం రాకపోయినా ముందుగా వినిపించే సలహా అదే. సంస్కృతం నోరు తిరగనివాళ్లకు ఎమ్మెస్ రామారావు పాడిన తెలుగు సుందరకాండ ఉండనే ఉంది. ఇంతమంది ఇన్ని కోరికలతో చదివే ఆ కాండలో ముప్పయ్యో సర్గను చాలామంది గబగబా దాటేస్తారు. అందులో యుద్ధం లేదు, లంకాదహనం లేదు. హనుమంతుడు శింశుపా వృక్షం మీద నక్కి కూర్చుని ఆలోచిస్తుంటాడు, అంతే.

ఆ ఆలోచన మాత్రం నిదానంగా చదవాల్సింది. సీత కనిపించింది. పలకరించకుండా వెళ్లిపోతే ఆమె ప్రాణాలు నిలుపుకోకపోవచ్చు. సీత ఏమందని రాముడు అడిగితే చెప్పడానికి మాటే ఉండదు. పోనీ మాట్లాడదామంటే ఏ భాషలో? పండితుడిలా సంస్కృతం అందుకుంటే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడనుకుని హడలిపోతుంది. హడలితే కేక పెడుతుంది. కేక వింటే రాక్షస స్త్రీలు ఆయుధాలు పట్టుకుని వస్తారు, రావణుడి బలగాన్ని పిలుస్తారు. పోరు తప్పదు. గెలిచినా ఒళ్లు అలిసిపోతుంది, మళ్లీ నూరు యోజనాల సముద్రం దాటడం కష్టం. పట్టుబడ్డాడా, ఈ కబురు రాముడికి చేర్చేవాడే ఉండడు. ఇలా ఒక్కో అడుగునూ ఒక్కో చిక్కునూ మనసులోనే నడిపించి చూసుకుని, చివరికి ఉపాయం తేల్చుకుంటాడు. కొమ్మల చాటునే ఉండి, ఆమెకు వినబడేలా, మెత్తగా రాముడి కథ మొదలుపెట్టాలి.

విజువలైజేషన్ పేరుతో ఇప్పుడు హోటళ్ల కాన్ఫరెన్స్ హాళ్లలో జరిగే శిక్షణలు వేరేలా ఉంటాయి. కళ్లు మూసుకోమంటారు. కొత్త కారు స్టీరింగ్ పట్టుకున్నట్టు, పెద్ద ఇంట్లో గృహప్రవేశం చేస్తున్నట్టు ఊహించుకోమంటారు. ఎంత స్పష్టంగా చూస్తే అంత త్వరగా వస్తుందంటారు. ఆ లెక్కన హనుమంతుడు చెట్టు మీద కూర్చుని, రాముడు తనను కౌగిలించుకుంటున్నట్టు, కిష్కింధలో వానరులు జేజేలు కొడుతున్నట్టు ఊహించుకోవాలి. ఆయన ఆ పని చేయలేదు. వాల్మీకి మనస్తత్వ శాస్త్రం రాశాడని చెప్పడం కాదిది, పురాణాల్లో విమానాల్ని వెతికే అలవాటు ఇప్పటికే ఎక్కువైంది. అయితే ఈ రెండు రకాల ఊహల్లో ఏది మనిషికి పనికొస్తుందని ముప్పయ్యేళ్లకు పైగా పరిశోధకులు పరీక్షించి చూస్తున్నారు. ఫలితం హనుమంతుడి వైపే మొగ్గింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ ప్రాంగణంలో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 1999లో అచ్చయింది. పరీక్షకు వారం ముందు విద్యార్థుల్ని జట్లుగా విడదీశారు. ఒక జట్టు రోజూ కొన్ని నిమిషాలు తమకు మంచి గ్రేడు వచ్చినట్టు, నోటీసు బోర్డులో అది చూసి పొంగిపోయినట్టు ఊహించుకోవాలి. ఇంకో జట్టు ఊహించుకోవాల్సింది చదువుకోవడాన్ని: బల్ల ముందు కూర్చోవడం, పాఠాలు తిరగేయడం, టీవీ కట్టేయడం, బయటికి రమ్మని స్నేహితుడు పిలిస్తే రానని చెప్పడం. రెండో జట్టువాళ్లు ముందుగానే పుస్తకం పట్టారు, కంగారు తగ్గింది, మార్కులు పెరిగాయి. గ్రేడును చూసి మురిసినవాళ్లు చదివిన గంటల్లోనూ మార్కుల్లోనూ వాళ్ల వెనకే ఉండిపోయారు.

జర్మనీ పరిశోధకురాలు గాబ్రియేల్ ఓటింగెన్ ఇదే సంగతిని ఇంకా లోతుగా తవ్వారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల మీద 1991లో, ఉద్యోగాలు వెతుక్కుంటున్న పట్టభద్రుల మీద 2002లో ఆమె, సహచరులు ప్రచురించిన అధ్యయనాల సారాంశం చాలామందికి రుచించదు. సన్నబడిన తమ రూపాన్ని తియ్యతియ్యగా ఊహించుకున్నవాళ్లు తక్కువ బరువు తగ్గారు. కొలువు దొరికినట్టు తరచూ కలలు కన్న పట్టభద్రులు తక్కువ దరఖాస్తులు పెట్టుకున్నారు, వాళ్లకు తక్కువ పిలుపులు వచ్చాయి, రెండేళ్ల తర్వాత చూస్తే జీతాలూ తక్కువే. ఎందుకిలా? 2011లో హెదర్ కాపెస్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో ఆమెకు ఒక జవాబు దొరికింది. కోరిక తీరిపోయినట్టు ఊహించుకుంటే రక్తపోటు కాస్త దిగుతుంది. అంటే ఒంట్లో పనికి పూనుకునే బిగువు సడలుతుంది. ఇంకా మొదలుపెట్టని పనికి మనసు అప్పుడే విందు చేసేసుకుంటుంది.

ఓటింగెన్ లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. పగటికలలు కన్నవాళ్లు వెనకబడ్డారు గానీ, తమవల్ల అవుతుందని గట్టిగా నమ్మినవాళ్లు ముందుకెళ్లారు. కల వేరు, నమ్మకం వేరు. కల ఫలాన్ని ముందే తినేస్తుంది. నమ్మకం పని మీదికి తోస్తుంది. దైవభక్తి ఒక మనిషిని మారుస్తుందా అనే ప్రశ్నకు ఈ తేడా దగ్గరే దారి దొరుకుతుంది.

ఆటగాళ్లకు ఇది కొత్త కాదు. ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కు కోచ్ బాబ్ బౌమన్ చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు చేశాడు. పడుకునే ముందు, లేచాక మొత్తం రేసును మనసులో ఈదాలి. సాఫీగా సాగిన రేసునే కాదు, కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చిన రేసునూ ఈదాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో నిజంగానే కళ్లద్దాలు నీళ్లతో నిండిపోయాయి. గోడ కనిపించలేదు. చేతులు వేసిన లెక్క పెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. 1995లో ఆల్వారో పాస్కువల్-లియోన్ బృందం ఇంకో వింత చూపించింది. ఐదు రోజులు పియానో మీద వేళ్లాడించినవాళ్ల మెదడులోనూ, పియానో ముందు కూర్చుని వేలు కదపకుండా మనసులోనే వాయించినవాళ్ల మెదడులోనూ వేళ్లను కదిలించే భాగం ఇంచుమించు ఒకేలా మారింది. వాయించడంలో మాత్రం చేతులాడించినవాళ్లదే పైచేయి.

రెండు అక్షతలతో ఏనుగు అంబారీ

మనసులో చూడటం నేర్పే బడి తెలుగిళ్లలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు పూజ. వినాయక చవితికి గానీ వరలక్ష్మీ వ్రతానికి గానీ పుస్తకం తెరిస్తే, సంకల్పం, కలశం అయ్యాక మొట్టమొదటి ఉపచారం ‘ధ్యాయామి’. దేవుడి రూపాన్ని ముందు మనసులో నిలుపుకోవాలి, ఆ తర్వాతే ‘ఆవాహయామి’. అక్కణ్నుంచి కూర్చోవడానికి ఆసనం, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తాగడానికి నీళ్లు, స్నానం, బట్టలు, గంధం, పువ్వులు... ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాదలన్నీ వరసగా జరుగుతాయి. పట్టుబట్టలు లేకపోతే ‘వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి’ అంటూ రెండు గింజలు వేస్తారు. చివర్లో రాజోపచారాలు ఇంకా గొప్పగా ఉంటాయి. గొడుగు పట్టడం, వింజామర వీయడం, నాట్యం చూపించడం, గుర్రం ఎక్కించడం, ఆఖరికి ‘గజానారోహయామి’. కూకట్‌పల్లిలో ఐదో అంతస్తులోని రెండు పడగ్గదుల ఫ్లాటులో, వాషింగ్ మెషీన్ పక్కనున్న గూట్లో, ఆ ఇంటి యజమాని రెండు అక్షతలతో దేవుణ్ని ఏనుగు ఎక్కిస్తాడు. ఏనుగును చూడాల్సింది ఆయన మనసే. చూడకపోతే మిగిలేది రెండు బియ్యపు గింజలే. చాలా ఇళ్లలో జరిగేదీ అదే అనుకోండి, పురోహితుడు ఒక పక్క చదువుతుంటే యజమాని చూపు ఫోన్ మీద ఉంటుంది.

సామగ్రి ఏమీ లేకుండా మొత్తం మనసులోనే జరిపే మానసపూజ ఈ దారిలో తర్వాతి మెట్టు. ఆది శంకరుల పేరు మీద ప్రచారంలో ఉన్న శివ మానసపూజ స్తోత్రం ఇందుకోసమే. దీనికి పరాకాష్ఠ లాంటి కథ ఒకటి తమిళనాట ఉంది. అరవై ముగ్గురు నాయనార్లలో ఒకరైన పూసలార్ చెన్నై దగ్గరి తిరునిన్రవూరువాడు. శివుడికి గుడి కట్టాలని ఊరూరా తిరిగాడు, చిల్లిగవ్వ పుట్టలేదు. దాంతో మనసులోనే కట్టడం మొదలుపెట్టాడు. ఒక్క రెప్పపాటులో గుడి లేచి నిలబడలేదు. మంచిరోజు చూసి పునాది తీశాడు, శిల్పుల్ని పిలిచాడు, వరసకు వరసగా రాయి పేర్చాడు, విమానం ఎత్తాడు, సున్నం వేయించాడు, బావి తవ్వించాడు, ప్రాకారం కట్టాడు. చాలా రోజులు పట్టింది. కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్నాడు. అదే రోజున కంచిలో పల్లవ రాజు కట్టించిన రాతి గుడికీ ముహూర్తం. శివుడు రాజు కలలోకి వచ్చి, ఆ రోజు తాను పూసలార్ గుడికి వెళ్లాలి, నీది ఇంకో రోజుకు మార్చుకోమన్నాడట. రాజు వెతుక్కుంటూ వెళితే ఊళ్లో గుడే లేదు. పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ రచించిన పెరియ పురాణంలో ఉన్న కథ ఇది. తిరునిన్రవూరులో ఇప్పుడు హృదయాలీశ్వరుడి పేరుతో నిజంగానే గుడి ఉంది.

కథలో మహిమను పక్కనపెట్టినా ఒకటి నిలుస్తుంది. పూసలార్ తనకు పేరొచ్చినట్టు ఊహించుకోలేదు, రాళ్లు మోసినట్టు ఊహించుకున్నాడు.

ఇలాంటి మనిషే ఒకడు స్పెయిన్‌లో ఉండేవాడు. ఇగ్నేషియస్ లొయోలా సైనికుడు, పేరు కోసం తహతహలాడినవాడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు నుజ్జయింది. నెలల తరబడి మంచం మీదే. వీరుల ప్రేమకథలు చదువుదామంటే ఇంట్లో అలాంటి పుస్తకాల్లేవు, క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు తెచ్చిచ్చారు. పొద్దుపోక రెండు రకాల పగటికలలు కనేవాడు. ఒక దాంట్లో తాను గొప్ప యోధుడై ఒక దొరసాని మెప్పు పొందుతాడు. ఇంకో దాంట్లో పునీతుల్లా కాలినడకన జెరూసలేం వెళతాడు, కష్టాలు పడతాడు. రెండూ కలగంటున్నంతసేపూ బాగానే ఉండేవి. మొదటిది అయ్యాక మనసు ఎండిపోయినట్టుండేది, రెండోదాని తర్వాత ఆనందం చాలాసేపు నిలిచేది. ఈ తేడాను పట్టుకున్నాడు. తన ఊహల్ని తానే పరిశీలించిన ఆ మంచం మీది రోగి తర్వాత జెస్యూట్ సంఘాన్ని స్థాపించాడు. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాలకు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది.

1548లో అచ్చయిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ కూర్చుని చదివే పుస్తకం కాదు, చేసే పుస్తకం. సుమారు ముప్పై రోజుల సాధన. ప్రతి ధ్యానానికీ ముందు చోటును మనసులో కట్టుకోవాలి. నజరేతు నుంచి బేత్లెహేముకు దారి ఎంత పొడవు, ఎత్తుపల్లాలెలా ఉన్నాయి? క్రీస్తు పుట్టిన గుహ ఎంత పెద్దది, ఎంత ఎత్తు? తర్వాత మాటలు వినాలి, వాసన చూడాలి, తాకాలి. ఆ గుహలో సాధకుడికీ ఒక వేషం ఉంది. అతను జ్ఞానిగా రాడు, గొల్లవాడిగానూ రాడు. ఆ తల్లీబిడ్డలకు ఏం కావాలో చూసి అందించే దాసుడిగా ఒక మూల నిలబడాలి. తెలుగు పూజలో కాళ్లకు నీళ్లిచ్చే యజమానికీ, ఆ గుహలో నిలబడ్డ స్పెయిన్ దాసుడికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీల్లేదు. ఇద్దరూ చేస్తున్నది సేవే. మతాలు నేర్పిన మేలైన మనోచిత్రాల్లో ‘నాకు వచ్చింది’ అనే దృశ్యం దాదాపు కనిపించదు, ‘నేను చేస్తున్నాను’ అనేదే కనిపిస్తుంది. లాస్ ఏంజెలిస్‌లో మార్కులు పెరిగిన జట్టుది కూడా ఈ రకం ఊహే.

టిబెటన్ బౌద్ధంలో ఈ విద్య ఇంకా కఠినం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు రంగు ఇసుకతో వేసిన మండలాన్ని తెలుగువాళ్లు వేల సంఖ్యలో వెళ్లి చూశారు. ఆ మండలం 722 మంది దేవతల భవనం. సాధకుడు దాన్ని గది గదిగా, దేవత దేవతగా మనసులో కట్టుకోవాలి. ఈ సాధన మనసులో బొమ్మను నిలిపే శక్తిని నిజంగా పెంచుతుందా అని మరియా కొజెవ్నికోవ్ బృందం నేపాల్‌లోని ఆరామంలో పరీక్షించింది. మామూలు వేళల్లో ఆ సాధకులు మిగతావాళ్లలాగే ఉన్నారు. ఇరవై నిమిషాల దేవతాధ్యానం ముగిసిన వెంటనే మాత్రం, బొమ్మల్ని మనసులో తిప్పిచూసే పరీక్షలో, చూసినదాన్ని గుర్తుపెట్టుకునే పరీక్షలో ఒక్కసారిగా ముందుకెళ్లారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఏ రూపమూ లేకుండా ధ్యానం చేసినవాళ్లకు ఆ పెరుగుదల లేదు.

దేవుడికో కప్పు కాఫీ

నమ్మకం కూడా సాధన చేస్తేనే బలపడుతుందని గట్టిగా చెప్పిన మానవశాస్త్రవేత్త టాన్యా లూర్‌మన్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు. అమెరికాలో వినయార్డ్ అనే క్రైస్తవ సంఘాల ప్రార్థనల్లో ఏళ్ల తరబడి కూర్చుని 2012లో ఒక పుస్తకం రాశారు. అక్కడి విశ్వాసులు కొందరు పొద్దున్నే దేవుడికి కూడా ఓ కప్పు కాఫీ పోసి ఎదురుగా పెట్టుకుని మాట్లాడతారు. మన బాలకృష్ణుడికి వెన్న పెట్టే తల్లులకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. లూర్‌మన్‌ను ఆశ్చర్యపరిచింది వేరే. చదువుకున్న, తెలివైన మనుషులకు దేవుడున్నాడన్న నమ్మకం ఉన్నా, ఆయన ఇక్కడే ఉన్నట్టు అనిపించడానికి చాలా శ్రమ పడాల్సి వస్తోంది.

ఆ శ్రమ ఏమిస్తుందో చూడటానికి ఆమె ప్రయోగం చేశారు. క్రైస్తవ విశ్వాసుల్లో కొందరికి నెల రోజుల పాటు, రోజుకు అరగంట, బైబిలు ఘట్టాల్ని కళ్లకు కట్టేలా ఊహించుకుంటూ ప్రార్థించే రికార్డింగులు ఇచ్చారు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకూ కంఠతా వచ్చే ఇరవై మూడో కీర్తన వాటిలో ఉంది. ఇంకొందరికి సువార్తల మీద ఉపన్యాసాలు ఇచ్చారు. ఎవరికి ఏది దక్కాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. నెల తిరిగేసరికి ఊహాప్రార్థన చేసినవాళ్లలో మనసులోని బొమ్మలు చురుగ్గా తయారయ్యాయి, దేవుడు పక్కనున్న మనిషిలా అనిపించడం పెరిగింది. ఉపన్యాసాలు విన్నవాళ్లకు జ్ఞానం పెరిగి ఉండొచ్చు, ఆ దగ్గరితనం అంతగా రాలేదు. ఈ పని కొందరికి పుట్టుకతోనే తేలిక. మిగతావాళ్లకూ అభ్యాసంతో ఎంతో కొంత పట్టుబడుతుంది.

దగ్గరితనం వల్ల ఏం లాభం? పగలంతా ఆఫీసులో మాట పడి ఇంటికొచ్చిన మనిషి పిల్లల మీద అరవబోయే క్షణంలో, ఎవరో చూస్తున్నారనిపిస్తే గొంతు తగ్గుతుంది. మనిషి మార్పంతా ఇలాంటి క్షణాల్లోనే జరగాలి.

స్వాములు

కార్తీక మాసం వచ్చిందంటే తెలుగు ఊళ్లలో నల్లబట్టలు కనిపిస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి ఆ పూట నుంచి పేరు పోగొట్టుకుంటాడు. అతను స్వామి, అతనికి ఎదురైన మగవాళ్లు స్వాములు, ఆడవాళ్లు మాతలు. పెళ్లాం పిల్లలు కూడా స్వామీ అనే పిలుస్తారు. ఆఫీసులో మేనేజరు సైతం ‘స్వామీ, ఆ ఫైలు ఏమైంది?’ అని అడగాల్సిందే, తిట్టాలన్నా నోరు రాదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, నేల మీద చాప, మందు, మాంసం, సిగరెట్టు బంద్. నలభై ఒక్క రోజుల మండల దీక్ష. ఇక్కడ ఊహ మనసులో ఆగిపోదు. దేవుణ్ని ఎదురుగా చూడటం దాటి, తానే దేవుడి వేషంలో ఊరంతా తిరుగుతాడు. ఊరంతా ఆ వేషాన్ని గుర్తుచేస్తూ ఉంటుంది. రోజూ సాయంత్రం గ్లాసు పట్టందే నిద్రపోనివాడు ఆరు వారాలు దాని వంక చూడకపోవడం ఎన్నో కుటుంబాలు కళ్లారా చూస్తున్న సంగతి.

మనస్తత్వ శాస్త్రంలో పీటర్ గోల్విట్జర్ పరిశోధించిన పద్ధతి ఒకటి దీనికి దగ్గరగా ఉంటుంది. ‘ఇలాంటి పరిస్థితి ఎదురైతే ఇలా చేస్తాను’ అని ముందే తేల్చుకుంటే, ఆ క్షణంలో మనసుతో కుస్తీ పట్టాల్సిన అవసరం తగ్గుతుంది. దీక్షలో అవన్నీ ముందే తేలి ఉంటాయి. స్నేహితుడు బార్‌కు పిలిస్తే ‘మాలలో ఉన్నాను’ అన్న ఒక్క మాట చాలు, బతిమాలేవాడు కూడా దండం పెట్టి వెళ్లిపోతాడు.

చిక్కల్లా మాల తీశాకే. శబరిమల నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే వైన్ షాపు దగ్గర కనిపించేవాళ్ల మీద ఊళ్లో జోకులకు కొదవలేదు. దీన్ని దొంగభక్తి అని కొట్టిపారేయడం సులువు గానీ న్యాయం కాదు. పిలుపు పోయింది, బట్టలు పోయాయి, తోటి స్వాములు పోయారు. ఆరు వారాలు నిలబెట్టిన కొయ్యలన్నీ ఒక్కరోజే తీసేస్తే ఎవరైనా తూలతారు. మాల తీసే ముందే, ఇకపైనా వదలని నియమం ఒకటి ఎంచుకోమని గురుస్వాములు గట్టిగా చెబితే మేలు. చన్నీళ్ల స్నానమో, సిగరెట్టు మానడమో, ఏదో ఒకటి.

హైదరాబాద్ శివార్లలో ఉస్మాన్‌సాగర్ దగ్గరి చిలుకూరు బాలాజీది ఇంకో లెక్క. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. హుండీ లేదు. అమెరికా వీసాల పుణ్యమా అని ‘వీసా బాలాజీ’ అయ్యాడు. 108 లెక్క తప్పకుండా చేతిలో అంకెలు అచ్చేసిన కార్డు పెట్టుకుని, ఒక్కో చుట్టుకూ ఒక గడి కొట్టేస్తూ జనం వడివడిగా తిరుగుతుంటారు. కోరిక కోసం తిరిగే ఆ పదకొండు చుట్లలో కుర్రాడి మనసు ఏం చూస్తోందన్నదే ప్రశ్న. డాలస్‌లో దిగి ఫొటో పెట్టినట్టు చూస్తే ఓటింగెన్ చెప్పిన పగటికలే. కిటికీ అవతలి అధికారి ‘ఈ యూనివర్సిటీయే ఎందుకు? ఫీజు ఎవరు కడతారు?’ అని అడిగినట్టు, తాను తడబడకుండా నిజం చెప్పినట్టు చూస్తే ప్రదక్షిణ కాళ్లకూ మనసుకూ కూడా సాధనే.

మతమూ ఊహా కలిసి దారి తప్పిన చరిత్ర కూడా పెద్దదే. న్యూయార్క్ పాస్టరు నార్మన్ విన్సెంట్ పీల్ 1952లో రాసిన పుస్తకం లక్షల కాపీలు అమ్ముడైంది. ప్రార్థించు, మనసులో చిత్రించు, నిజం చేసుకో అన్నది ఆయన సూత్రం. దక్షిణ కొరియాలో డేవిడ్ యాంగీ చో, దేవుణ్ని బల్లా కుర్చీ సైకిలూ అడిగేటప్పుడు ఏ కలప, ఏ దేశపు సైకిల్ అని వివరంగా చెప్పి మరీ అడగాలని బోధించి, ప్రపంచంలోనే అతి పెద్ద సంఘాల్లో ఒకదాన్ని నిర్మించాడు. 2006లో వచ్చిన రోండా బర్న్ ‘ది సీక్రెట్’ నాటికి దేవుడి పేరు కూడా పక్కకు జరిగింది, విశ్వమే ఆర్డర్లు తీసుకునే దుకాణమైంది. ఈ బోధలకు ఇంకో చేటు ఉంది. కోరిక తీరకపోతే తప్పు నీ ఊహదే, నీ విశ్వాసానిదే. జబ్బు తగ్గనివాడికి జబ్బుతో పాటు నేరం కూడా అంటగడతారు.

శిక్షణ తరగతుల్లో తరచూ వినిపించే ఒక కథనూ ఇక్కడే తేల్చేయాలి. యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో లక్ష్యాలు కాగితం మీద రాసుకున్న మూడు శాతం మంది, ఇరవయ్యేళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది కన్నా ఎక్కువ ఆస్తి సంపాదించారట. అలాంటి అధ్యయనమేదీ జరగలేదు. ఎవరైనా వేదిక మీద ఈ కథ చెబితే, ఫీజు కట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోవచ్చు.

మరి మామూలు మనిషి చేయగలిగిందేమిటి? హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ గదిలో గ్రూప్-2కి చదువుతున్న అమ్మాయి ఉందనుకుందాం. రాత్రి దీపం ముందో, బైబిలు ముందో, నమాజు తర్వాతో ఐదు నిమిషాలు కూర్చుంటుంది. కోరిక చెప్పుకుంటుంది, అది నెరవేరితే ఎలా ఉంటుందో ఒక్క క్షణం చూస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. తన పరిశోధనల నుంచి ఓటింగెన్ తయారుచేసిన పద్ధతిలో అసలు పని ఆ తర్వాతే. తనలో ఉన్న అడ్డంకి ఏమిటి? రాత్రి పదింటికి ఫోన్ చేతికొస్తుంది, పన్నెండయ్యేదాకా దిగదు. దేవుడి ముందు దాచాల్సిన పని లేదు కాబట్టి అదీ చెప్పుకోవచ్చు. పదింటికి ఫోన్‌ను కింద వార్డెన్ గదిలో ఛార్జింగ్‌కు పెట్టి, మెట్లెక్కి వచ్చి, పాలిటీ పుస్తకం తెరిచినట్టు మనసులో చూడాలి. ఆ మెట్లు, ఆ గది, ఆ పేజీ స్పష్టంగా కనిపించాలి. ఆ పని చేయడానికి బలమివ్వమని అడగాలి. రేపు రాత్రి లేచి ఆ మెట్లు దిగాలి. పశ్చాత్తాపం, సంకల్పం, ప్రార్థన అన్నీ ఇందులో ఉన్నాయి, ఏ మతానికైనా అడ్డురావు.

కొందరికి కళ్లు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ కనిపించదు. అమ్మ ముఖం కూడా. అది లోపం కాదు, మనుషుల మనసుల్లో ఉండే తేడా. ఆడమ్ జీమన్ బృందం 2015లో దీనికి ఎఫాంటేసియా అని పేరు పెట్టింది. ఇలాంటివాళ్లు రూపధ్యానంతో కుస్తీ పట్టి తమకు భక్తి లేదని బాధపడక్కర్లేదు. నామజపం, భజన, తస్‌బీ, కాగితం మీద రామకోటి రాయడం, ఇవన్నీ బొమ్మ అక్కర్లేని దారులు. అందరూ ఒకేలా చూడలేరన్న సంగతి పాతవాళ్లకు తెలుసు కాబోలు, అందుకే ఇన్ని దారులు వేశారు.

ఊహకైనా ప్రార్థనకైనా పరిధి ఉంది. గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద అమెరికాలో జరిపిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. వేరెవరో తమకోసం ప్రార్థించడం వల్ల రోగుల్లో చిక్కులు తగ్గలేదు. ప్రార్థిస్తున్నారని తెలిసిన జట్టులో 59 శాతం మందికి చిక్కులొచ్చాయి, మిగతా జట్లలో అది 52 శాతం దాటలేదు. తనకోసం ఇంతమంది ప్రార్థిస్తున్నారంటే పరిస్థితి విషమించిందేమోనన్న దిగులు కారణం కావచ్చని పరిశోధకులు అనుమానించారు. అందుకే ప్రార్థన ఎంత చేసినా మందులు ఆపకూడదు, ఆపరేషన్ వాయిదా వేయకూడదు.

రెండో హద్దు ఇంకా సున్నితమైంది. ప్రార్థనలో ఎప్పుడో ఒకసారి పేరు పిలిచినట్టు వినబడటం, ఎవరో భుజం తట్టినట్టనిపించడం చాలామంది భక్తులకు అనుభవమే. అవి అరుదుగా, క్షణకాలం వచ్చి, మనసును తేలికపరిచి పోతాయని లూర్‌మన్ గమనించారు. వినబడే గొంతు రోజంతా వదలకపోతే, తిడితే, భయపెడితే, తనకో ఇతరులకో హాని చేయమంటే, నిద్రాహారాలు చెడితే అది సాధన కాదు, జబ్బు. పూజలు పెంచడం, తాయెత్తులు కట్టడం, బాబాల దగ్గరికి తిప్పడంతో నెలలు పోగొట్టకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి. దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.